మనిషెక్కితే రాయి దిగాలి

నేను అబద్ధాలు చెబుతానని మా బస్సు ఎక్కేవాళ్లందరికీ తెలుసు. టికెట్ల దగ్గర కాదు, అక్కడ నా అంత నిక్కచ్చి కండక్టరు మా డిపోలో లేదు. మిగతా అన్నింట్లోనూ కాస్త ఉప్పూ కారం తగిలిస్తాను. సత్తుపల్లిలో బయల్దేరి, చండ్రుగొండ మీదుగా, భద్రాచలం కూడా దాటి, అడవి అంచున గోదారి పక్కనున్న ఆఖరి స్టాపు చేరేసరికి సగం రోజు అయిపోతుంది. అంతసేపూ కండక్టరు నోరు మూసుకుంటే ప్రయాణికులకు నిద్రొస్తుంది. నిద్రొస్తే దిగాల్సిన ఊరు దాటిపోతారు. దాటిపోతే నన్ను తిడతారు. కాబట్టి నా కథలన్నీ ప్రజాసేవ కిందికే వస్తాయి.

ఈ కథకు మాత్రం ఉప్పూ కారం తక్కువే పడ్డాయి. ఎక్కడ పడ్డాయో నేనే చెబుతాను.

ఇదంతా ఒక మాటతో మొదలైంది. బొగ్గు బండ్ల కోసం మా వైపు వేసిన రైలు లైను మీద పనిచేసే ఒకాయన రోజూ మా బస్సులో వెళ్లేవాడు. ఒకనాడు చేతులనిండా దుమ్ముతో ఎక్కి, రోజంతా బ్యాలస్ట్ సర్దామని చెప్పాడు. అదేమిటని అడిగితే కిటికీలోంచి పట్టాల కింది రాళ్లు చూపించాడు. ఓస్, కంకరేనా అన్నాను. ఆయనకు కోపం వచ్చింది.

“కంకర ఇంటికేస్తరు మేడం. రైలుకేస్తే అది బ్యాలస్ట్.”

సరే, రాళ్లకు కూడా ప్రమోషన్లు ఉంటాయి కాబోలు అనుకున్నాను.

కొద్దిరోజులకే మా డిపోలో రెస్ట్ రూమ్ ట్యూబులైటు కళ్లు కొట్టుకోవడం మొదలుపెట్టింది. ఎలక్ట్రీషియన్ వచ్చి నిచ్చెన ఎక్కి, బ్యాలస్ట్ పోయింది, కొత్తది వేయాలన్నాడు. మనం చోక్ అంటామే, ఆ ఇనుప డబ్బా. పట్టాల కింది రాయికీ గోడ మీది డబ్బాకీ చుట్టరికం ఏమిటో నాకు అంతుపట్టలేదు. రాత్రి భోజనాల దగ్గర మా అమ్మాయిని అడిగాను. తను ఉద్యోగ పరీక్షలకు చదువుతోంది కాబట్టి ప్రతి మాటకూ తాతముత్తాతల దాకా వెతికిగాని ఒదలదు. ఫోన్లో చూసి చెప్పింది. ఈ మాట ముందు ఓడలదట. సరుకు లేని ఓడ నీళ్ల మీద బెండులా తేలిపోయి, గాలి కొడితే పక్కకు పడిపోతుంది. అలా పడకుండా అడుగున రాళ్లో ఇసుకో పోస్తారు. ఆ బరువే బ్యాలస్ట్. రేవుల్లో ఓడలు దింపిన ఆ రాళ్లనే తొలిరోజుల్లో రైలు పట్టాల కింద పరిచారని, అలా ఆ పేరు ఒడ్డెక్కిందని ఒకచోట రాశారట. ట్యూబులైటులో డబ్బా అయితే కరెంటు ఎగిరి పడకుండా పట్టి ఉంచుతుంది. నిలకడ గల మనిషిని గురించి కూడా ఆయనకు బ్యాలస్ట్ ఉందని అంటారట.

ఆ లెక్కన మా ఇంటి బ్యాలస్ట్ మా అత్తగారు. ఈ సంగతి ఆమెకు ఇంతవరకూ చెప్పలేదు. నిలకడ గురించి అన్నానంటే నమ్మదు, బరువు గురించే అన్నానంటుంది.

నాకు కొత్త మాట దొరికితే కొత్త గాజులు దొరికినట్టే, వారం రోజులు మోగిస్తాను. చివరి సీట్లో సంచులు సర్దినా బ్యాలస్టే, మధ్యాహ్నం రెండోసారి అన్నం పెట్టుకున్నా బ్యాలస్టే. మా డ్రైవరు విసుక్కున్నాడు. ఆయనది మధిర పక్క, మాట మెత్తగా ఉంటుంది. “ఆ మాటను కాస్త దింపమ్మా, బండి లాగలేకపోతోంది” అన్నాడు.

దింపేద్దామనే అనుకున్నాను. అప్పుడే మా మామ నావ సంగతి వచ్చిపడింది.

మా బస్సు ఆఖరి స్టాపు మా మేనమామ ఊరు. మా నాన్న బొగ్గు బావిలో ఉద్యోగం దొరికి కాలనీకి వెళ్లాడు గాని, అమ్మ వైపు వాళ్లంతా గోదారి మీద బతికినవాళ్లే. మామ నావ పెద్దది, చెక్కది, వాళ్ల నాన్న చేయించింది. రోడ్డు లేని కాలంలో చింతపండు, తునికాకు కట్టలు, బియ్యం బస్తాలు, మేకలు, పెళ్లివారు, అన్నీ దాని మీదే దాటేవి. తర్వాత రోడ్డు పడింది. రోడ్డు వెనకే బస్సు వచ్చింది. ఆ బస్సులో కండక్టరుగా నేనే వచ్చాను. మామ ఇప్పటికీ నన్ను చూడగానే, నా నావ నోట్లో మన్ను కొట్టింది నువ్వే కదనే అంటూనే మజ్జిగ గ్లాసు చేతికిస్తాడు. అవతలి ఒడ్డు గూడెం వాళ్లు సంతకు రావడానికి తప్ప ఆ నావకు పని లేకుండా పోయింది.

మామ కొడుకు నాకు మరిది వరస. చాన్నాళ్లు బోరు లారీల మీద ఊళ్లు పట్టుకు తిరిగి ఇంటికి వచ్చాడు. వచ్చి, నావకు ఇంజను పెట్టి, భద్రాచలం వచ్చే జనాన్ని గోదారి మలుపు దాకా తిప్పి తెస్తానన్నాడు. రెండు పక్కలా అడవి, మధ్యలో ఇసుక లంకలు, చలికాలంలో దిగే కొంగల బారులు, చూడ్డానికి వస్తారన్నాడు. నిజమే, వస్తారు. కానీ జనాన్ని ఎక్కించుకోవాలంటే అధికారులు వచ్చి నావను నడిపించి చూసి సంతకం పెట్టాలి. పెట్టకపోతే ఏమవుతుందో కూడా తేలిపోయి ఉంది. ఖమ్మం రోడ్డులో ఒక దాబా ఆయన ఆ నావను అడుగుతున్నాడు. దాబా ముందు దాన్ని నిలబెట్టి, లోపల బల్లలు వేసి, నావలో బిర్యానీ అని బోర్డు పెడతాడట. ఇంజను కోసం చేసిన అప్పు తీరాలంటే మరిదికి వేరే దారి లేదు. ఆ మాట విన్నరోజు మామ సగం అన్నంలో చెయ్యి కడుక్కున్నాడు. ఆ తర్వాత ఎవరూ ఆయన ముందు బిర్యానీ పేరెత్తలేదు.

మరిది నావను గీకి, కడిగి, నీలం రంగు వేసి, లైఫ్ జాకెట్లు తెచ్చి పెట్టాడు. అధికారి వచ్చిన రోజు బస్సు తిరిగి బయల్దేరడానికి వ్యవధి ఉండడంతో నేనూ రేవుకు వెళ్లాను. నావలో అధికారి, ఆయన సహాయకుడు, మరిది, అంతే. ఇంజను పట్టగానే ముక్కు ఆకాశానికి లేచింది. నది మధ్యకు వెళ్లేసరికి అడవి వైపు నుంచి అడ్డగాలి తగిలి, పిచ్చిగుర్రంలా అటూ ఇటూ ఊగింది. సహాయకుడు అధికారిని పట్టుకున్నాడు, అధికారి గొడుగును పట్టుకున్నాడు, గొడుగు గాలిని పట్టుకుంది. ఆయన చెప్పు ఒకటి గోదారి పాలయింది. దాన్ని తొడుక్కుని ఒక మొసలి లంక మీద నడిచిందని నేను బస్సులో చెప్పాను. ఉప్పు పడింది అక్కడే. మిగతాదంతా జరిగిందే.

ఆయన మంచి మనిషి. ఒంటి చెప్పుతో ఒడ్డెక్కి కూడా కోప్పడలేదు. నావ గట్టిదే, కానీ ఒట్టిగా ఉన్నప్పుడు నిలబడడం లేదు, సరిచేసి పెట్టండి, సంక్రాంతి లోపు మళ్లీ ఒకసారి వస్తానన్నాడు. అప్పుడూ ఇలాగే ఊగితే సంతకం పెట్టలేనని కూడా చెప్పి వెళ్లాడు.

జీపు వెళ్లేదాకా మామ గట్టు మీదే నిలబడ్డాడు. తర్వాత నావలోకి దిగి, వంగి, అడుగు పలకలు ఎత్తి చూశాడు.

“ఈడ రాళ్లుండాలె. ఏవిరా?”

“గా పాత రాళ్లా? రంగులేసేటప్పుడు తీసి మడుగుల పారేసిన” అన్నాడు మరిది. “ఉట్టి బరువెందుకని.”

మామ పలక దించి, దాని మీదే కూర్చుండిపోయాడు. ఆ రాళ్లు వాళ్ల నాన్న పేర్చినవి. సరుకు ఉన్నంతకాలం సరుకే నావను నిలబెట్టింది గనుక ఎవరికీ వాటి పని పడలేదు, వాటి సంగతి కొడుకుకు చెప్పాలని మామకూ తోచలేదు. బురద పట్టి, నాచు పట్టి, చూసేవాడికి చెత్తలాగే ఉన్నాయి. ఇప్పుడు అవి తాడుకు అందని లోతులో ఉన్నాయి.

నాకు మాత్రం ఒళ్లంతా పులకరించింది. సమయం సందర్భం లేకుండా, “మామా, దాని పేరు బ్యాలస్ట్” అన్నాను.

మామ తలెత్తి నన్ను చూశాడు. “పేరు నీకు దొరికింది. రాళ్లు నాకు దొరకాలె గదనే” అన్నాడు.

గోదారి ఒడ్డున రాళ్లకు కరువేమిటని మీరు అడగవచ్చు. నేనూ అడిగాను. మా మామ ఊరి రేవంతా ఇసుకా ఒండ్రూ. అక్కడక్కడా దొరికేవి నది నున్నగా చేసిన గుండ్రాళ్లు, అవి అడుగున దొర్లుతాయి. దొర్లే బరువు లేని బరువు కంటే చెడ్డదట, నావ ఎటు ఒరిగితే అదీ అటే వెళ్లి ఇంకా తొక్కుతుంది. అడవిలో రాయి ముట్టుకుంటే కేసు. మరి ఇసుక బస్తాలు వేస్తే పోలేదా అన్నాను.

“ఇసుక తాగుతది బిడ్డా. పొద్దున ఒక బరువుంటది, మాపటికి ఒక బరువుంటది, దాని మీద నమ్మకం పెట్టుకోలేం.” మామ మాట నాతోనే అన్నాడు గాని చూపు మాత్రం కొడుకు మీద పెట్టాడు. “రాయి మంచిది. తాగదు.”

మరిది చటుక్కున ఇంజను తుడవడం మొదలుపెట్టాడు.

పలకగా, మూలలు దేరి, ఒక మనిషి రెండు చేతులతో ఎత్తగలిగేంత రాయి కావాలి. మరిది కన్ను రైలు రాళ్ల మీద పడింది. అన్ని గుట్టలు పోసి ఉన్నాయి, ఒక ట్రాలీకి ఎవరేం అంటారు వదినా, నీకు తెలిసినాయన ఉన్నాడు కదా, ఓ మాట అడుగు అన్నాడు. రాళ్లు మరీ చిన్నవిరా అంటే, సంచుల్లో పోద్దామన్నాడు. మర్నాడు బస్సులో రైలాయన్ను అడిగాను. ఆయన టికెట్టు జేబులో పెట్టుకుని, నెమ్మదిగా చెప్పాడు.

“నీ నావ నిలబడాలని నా రైలు ఒరగాల్నా మేడం?”

ఇక ఆ మాట మళ్లీ ఎత్తలేదు. కానీ ఆయన దిగేముందు ఆగి, రాళ్లు కావాలంటే చేన్ల గట్ల మీద చూడమన్నాడు. దున్నిన ప్రతిసారీ రైతులు రాళ్లు ఏరి గట్టు మీద పారేస్తారు, అవెవరికీ అక్కర్లేదన్నాడు. అక్కర్లేనివే, కానీ మా మామ ఊరి నల్లరేగడిలో అవీ లేవు. ఉన్నవన్నీ ఇటు సత్తుపల్లి, చండ్రుగొండ చేన్లలో. లారీ మాట్లాడి తెప్పించే స్థితి మరిదికి లేదు. నా దగ్గరున్నవి ఒక బస్సు, ఒక నోరు.

మర్నాడు మొదలుపెట్టాను. మా వైపు రైతులను ఎవరినైనా అడగండి, చేలో రాళ్లు మొలుస్తాయంటారు. ఎన్ని ఏరినా వచ్చే ఏడు నాగలికి మళ్లీ తగులుతాయి. నేను ఆ నమ్మకానికి ఒక తోక తగిలించాను. చేలోని రాళ్లకు ఒక పెద్ద రాయి ఉంటుందని, దాన్ని పట్టుకుని గోదారి దాటిస్తే మిగతా రాళ్లకు దిక్కుతోచక భూమిలోకి దిగిపోతాయని చెప్పాను. మా మామ నావలో వేస్తే రోజూ గోదారి దాటుతూనే ఉంటుందని, అలాంటి రాయికి తిరిగి వచ్చే ఆశ చచ్చిపోతుందని చెప్పాను. వైరాలో ఒకాయన అలా చేసి, ఇప్పుడు తన చేలో కాలికి గుచ్చుకోవడానికి రాయి లేక, కూతురి అచ్చనగండ్ల ఆటకు పక్కూరి నుంచి తెప్పించుకుంటున్నాడని కూడా చెప్పాను. కారం ఎక్కువ పడింది ఇక్కడే.

ఎవరూ నమ్మలేదు. అందరూ నవ్వారు. మూడోరోజో నాలుగోరోజో చండ్రుగొండ దాటాక ఒక స్టాపులో ఒక ముసలామె ఎక్కింది. మిరప, పత్తి వేసుకునే మనిషి, మందుల కోసం నెలకోసారి భద్రాచలం దవాఖానాకు వచ్చేది. ఆ రోజు ఆమె సంచి నేలను తాకి ఠంగుమంది. సంచిలో పలకలాంటి నల్లరాయి, ఎర్రమట్టి ఇంకా ఆరలేదు.

“నువ్వు చెప్పింది అబద్ధమని నాకు ఎర్కే” అంది. “రాయి మాత్రం మా చేనుదే. తీస్కపో.”

అబద్ధమని తెలిస్తే ఎందుకు మోసుకొచ్చావని అడిగాను. తను పెళ్లయి వచ్చేటప్పుడు మామ వాళ్ల నాన్న నావ మీదే గోదారి దాటానని చెప్పింది. పుట్టిల్లు అవతలి ఒడ్డు. టికెట్టు తీసుకుని కిటికీ వైపు తిరిగింది.

ఆ రాయిని డ్రైవరు వెనక అందరికీ కనబడేలా పెట్టాను. అది ఒంటరిగా కూర్చోవడం చూసి జనానికి ఏమనిపించిందో గాని, మర్నాటి నుంచి రాళ్లు ఎక్కడం మొదలైంది. కొందరు నవ్వుతూ తెచ్చారు, కొందరు సిగ్గుపడుతూ సంచిలో దాచి తెచ్చారు. పామాయిల్ తోటాయన ఒకడు, మా చేలో పెద్ద రాయి ఎవరో తేల్చుకోలేక ఇద్దర్ని తెచ్చానన్నాడు. వైరా నుంచి బస్సు మారి ఒకాయన వచ్చాడు, నేను చెప్పిన ఆ వైరా రైతు ఎవరో చూపించమని పట్టుబట్టాడు. మీరేనండీ అన్నాను. అతను కాసేపు ఆలోచించి, రాయి ఇచ్చి వెళ్లాడు. రైలాయన కూడా ఒక రాయి తెచ్చాడు. ఇది మా పెరట్లోది, రైలుది కాదని తెచ్చినప్పుడూ దిగేటప్పుడూ చెప్పాడు.

మా డ్రైవరు మొదటి రెండు రోజులూ ముఖం మాడ్చుకున్నాడు. బండి ఇప్పటికే మూలుగుతోంది, దాని మీద నీ కొండలేంటమ్మా అన్నాడు. భద్రాచలం దాటాక రోడ్డు గతుకులు, ఖాళీ బస్సు అక్కడ మిడతలా ఎగురుతుంది. రెండో రోజు సాయంత్రం ఎగరలేదు. ఆయన అద్దంలోంచి వెనక్కి చూశాడు, గేరు మార్చాడు. మర్నాడు పెనుబల్లి దగ్గర ఒక రైతు రాయి పట్టుకుని నిలబడితే స్టాపు కాకపోయినా బండి ఆపాడు.

రేవులో మామ ఒక్కో రాయినీ చేత్తో ఎత్తి చూసి, బరువు ఒళ్లోకి తెచ్చుకుని, పక్కటెముకల్లాంటి చెక్కల మధ్య బిగించేవాడు. కింద పెద్దవి, మీద చిన్నవి, ముక్కు వైపు కాస్త ఎక్కువ. కదిపి చూస్తే కదలకూడదు. మరిది అందిస్తుంటే తండ్రి పేర్చేవాడు. ఆ ఇద్దరూ ఒకే పని మీద వంగి ఉండడం నేను చూడడం అదే మొదలు. అప్పుడే మామ ఆ మాట చెప్పాడు. రాళ్లు ఒట్టి నావకే. జనం ఎక్కితే జనమే బరువు. అందుకని మనిషెక్కితే రాయి దిగాలి, మనిషి దిగితే రాయి ఎక్కాలి. రెండూ ఉంచుకుంటే నావ మునుగుతుంది, రెండూ లేకపోతే పడిపోతుంది. అందుకే మీదివి చేతికి అందేలా పేర్చాలట. మరిది రాళ్లు అందించడం ఆపి విన్నాడు.

అధికారి రెండోసారి వచ్చిన రోజు గాలి ఇంకా గట్టిగా ఉంది. రేవుకు సగం బస్సు వచ్చింది, వాళ్ల వాళ్ల రాళ్ల కోసం. డ్రైవరు, టైరు చూడాలి, ఇప్పుడే బయల్దేరలేం అన్నాడు. ఆ టైరును నేనూ చూశాను, బంగారంలా ఉంది. ఆ రోజు అబద్ధం ఆయనది.

ముందు ఒట్టి నావ. అధికారి ఈసారి చెప్పులు ఒడ్డునే విడిచి ఎక్కాడు. ఇంజను పట్టింది. ముక్కు కొంచెం లేచి, ఆలోచించి, దిగింది. నది మధ్యలో అడ్డగాలి వచ్చి తగిలింది. నావ ఒక పక్కకు ఒరిగింది. మామ ఒడ్డున నిలబడి తువ్వాలు చేతికి చుట్టుకుంటున్నాడు, ఎంత బిగించాడంటే వేళ్లు తెల్లబడ్డాయి. నావ ఒరిగి, అక్కడే ఒక్క క్షణం నిలిచి, నిద్రలో పక్కకు తిరిగిన మనిషిలా మెల్లగా మళ్లీ సర్దుకుంది. అధికారి చేతిలో టీ గ్లాసులో చుక్క కూడా ఒలకలేదని నేను బస్సులో చెబుతుంటాను. సగం ఒలికింది. కానీ ఆయన ఏమీ పట్టుకోకుండా నిలబడే ఉన్నాడు, అది నిజం.

తర్వాత నిండు నావ. సంతకు వచ్చిన గూడెం వాళ్లు, మా ప్రయాణికులు జాకెట్లు తొడుక్కుని వరసలో నిలబడ్డారు. ఒకరు ఎక్కగానే మరిది ఒక రాయి ఎత్తి ఒడ్డున పెట్టాడు. ఇంకొకరు, ఇంకో రాయి. లావుపాటి మనిషి వస్తే పెద్దది వెతికాడు, జనం నవ్వారు. ఇవెందుకు దించుతున్నారని అధికారి అడిగాడు. మామ నోరు తెరిచేలోపే మరిది చెప్పాడు.

“మనిషెక్కితే రాయి దిగాలె సార్. గది మా నావ పద్ధతి.”

మామ తువ్వాలు విప్పి ముఖం తుడుచుకున్నాడు.

చండ్రుగొండ ముసలామె వంతు వచ్చింది. ఆమె ఎక్కలేదు. ముందు నా రాయిని దించండి అంది. అన్నీ ఒకేలా ఉన్నాయి, ఎలా దొరుకుతుందమ్మా అన్నాడు మరిది. ఆమె ఒడ్డు నుంచే వేలు పెట్టి చూపించింది. అది ఒడ్డు చేరాక, దాని పక్కన చెప్పులు విడిచి, నావ ఎక్కి, అవతలి ఒడ్డు వైపు తిరిగి కూర్చుంది.

అధికారి సంతకం అక్కడే, మామ మంచం మీద కూర్చుని పెట్టాడు. ఏ ఏ షరతులో చదివి వినిపించాడు, వానాకాలం నడపకూడదు, జాకెట్లు లేకుండా ఎవర్నీ ఎక్కించకూడదు. మరిది అన్నిటికీ అవ్ అవ్ అన్నాడు. రాళ్ల పద్ధతి కూడా షరతుల్లో రాశానని ఆయన చెప్పాడు. ఆ కాగితంలో మా మామ పద్ధతికి ఆయన ఏ పేరు పెట్టాడో నేను భుజం మీంచి తొంగిచూశాను. బ్యాలస్ట్ అనే రాశాడు. మామకు చూపించాను. ఇంగ్లీషు వాళ్లకు కూడా మన రాళ్లు తెల్సా అని అడిగి, నా జవాబు కోసం ఆగకుండా మజ్జిగ తేవడానికి లోపలికి వెళ్లాడు.

దాబా ఆయన ఎక్కడో పాత ట్రాక్టరు సంపాదించి అందులో బల్లలు వేశాడు. బిర్యానీ బాగానే ఉంటుంది, మామ కూడా తిన్నాడు.

ఆఖరి మలుపు తిరిగితే బస్సులోంచి రేవు కనిపిస్తుంది. నావ కనిపించదు, గట్టు అడ్డం. రాళ్ల కుప్ప మాత్రం కనిపిస్తుంది. గట్టు మీద కుప్ప ఉంటే నావ నిండా జనం ఉన్నట్టు. కుప్ప లేకపోతే మరిది ఒట్టి నావలో కూర్చుని ఫోను చూసుకుంటున్నట్టు. మొదట్లో లేని రోజులే ఎక్కువ. చలి ముదిరి కొంగలు దిగాక మెల్లగా పెరిగింది. ఇప్పుడు ఆ మలుపు దగ్గర పడగానే నా కథ ఎంత రసవత్తరంగా ఉన్నా సరే, బస్సంతా కుడివైపు కిటికీలకు ఒరుగుతుంది. ఇదే నావైతే పడిపోయేది. డ్రైవరుకు అందరికంటే ముందు కనిపిస్తుంది గనుక ఆయనే చెబుతాడు.

“గట్టు మీదే ఉన్నాయమ్మా రాళ్లు. మేకపిల్ల కూడా ఎక్కి నిలబడింది.”

మేకపిల్ల సంగతి నాకు అనుమానమే. నాతో తిరిగి తిరిగి ఆయనకూ ఉప్పు అలవాటైంది. రాళ్లు మాత్రం ఉన్నాయి, నేనూ చూశాను.